సింహం కాదు, మన కోడిపుంజే!

రీల్స్‌లో ఈ మధ్య ఒక చేప తెగ తిరుగుతోంది. ఎర్రటి, తెల్లటి చారలు. విసనకర్రల్లా విచ్చుకున్న రెక్కలు. ఈదుతున్నట్టు ఉండదు, పెళ్లి ఊరేగింపులో పెద్దమనిషిలా నింపాదిగా నడుస్తున్నట్టు ఉంటుంది. పేరు లయన్ ఫిష్. ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవాలనుకునే కుర్రాళ్లు ఎక్కువమంది అడిగేది దీని గురించే.

మొదటి ప్రశ్న: "ధర ఎంత బ్రో?" రెండో ప్రశ్న: "కుడుతుందా?" అసలు అడగాల్సిన మూడో ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. "ఇది ఏం తింటుంది? ఎంత తింటుంది? ఎప్పుడు పెట్టకూడదు?"

ఈ వారం ఆ మూడో ప్రశ్న గురించే. ఎందుకంటే లయన్ ఫిష్ మొండి చేప. నీళ్లలో చిన్న చిన్న తేడాలొచ్చినా తట్టుకుంటుంది. సరిగ్గా చూసుకుంటే పదేళ్లు, ఆపైన కూడా బతుకుతుంది. అలాంటి చేప ఇళ్లలో ఏడాది, రెండేళ్లకే పోతోందంటే చాలాసార్లు కారణం తిండే. తిండి లేక కాదు, ఎక్కువై. లేదా తప్పు తిండి పెట్టి. కొసరి కొసరి వడ్డించే ఊళ్లు మనవి. "ఇంకో ముద్ద తినమ్మా" అనే ప్రేమ ఈ చేప దగ్గర మాత్రం పనికిరాదు.

పేరు మనవాళ్లు పెట్టిందే

ముందు దీనికీ మనకీ ఉన్న చుట్టరికం చెప్పుకుందాం. లయన్ ఫిష్ అనగానే ఏ అమెరికా నుంచో వచ్చిందనుకుంటాం. కాదు. దీని సొంతిల్లు హిందూ మహాసముద్రం, పసిఫిక్. మన బంగాళాఖాతంలోనూ ఉంది. ట్రాల్ వలల్లో అప్పుడప్పుడు పడుతుంది కూడా.

1780లలో విశాఖపట్నంలో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ డాక్టరు ఉండేవాడు. ఈస్టిండియా కంపెనీలో ఉద్యోగం. ఆ తీరంలో దొరికిన చేపలకు బొమ్మలు వేయించి, వివరాలు రాసుకున్నాడు. 1803లో లండన్‌లో ఆ పుస్తకం వచ్చింది. అందులో రెండు వందల చేపలు. రస్సెల్ చేసిన మంచి పని ఏంటంటే, స్థానికులు ఏ చేపను ఏమని పిలుస్తారో ఆ తెలుగు పేర్లే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. అందులో లయన్ ఫిష్ పేరు "కోడిపుంగి".

పైకి చదివి చూడండి. కోడిపుంగి... కోడిపుంజి... కోడిపుంజు! దొరగారి స్పెల్లింగులో అలా తయారైందని నా అనుమానం. ఈకలన్నీ విప్పి, మెడ నిక్కించి, బరిలో దిగిన పుంజులా ఉండే చేపకి ఇంతకన్నా మంచి పేరేముంటుంది? ఇంగ్లీషువాళ్లు కూడా దీన్ని టర్కీ ఫిష్ అంటారు. అదీ కోడి బంధువే. సింహం పోలిక కంటే కోడి పోలికే దగ్గరగా ఉందని రెండు భాషలవాళ్లకీ అనిపించిందన్నమాట.

1831లో బెన్నెట్ అనే జంతుశాస్త్రవేత్త ఈ జాతిలో ఒక రకానికి రస్సెల్ పేరే పెట్టాడు: టెరోయిస్ రస్సెలి. రస్సెల్ పేరు మోస్తున్న ఇంకో జీవి మన దివిసీమ పొలంగట్ల మీద అందరికీ తెలుసు. రక్తపింజరి. ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్. ఒకే మనిషి పేరు, ఒకటి గట్టు మీద, ఒకటి నీళ్లలో. రెండింటికీ విషమే.

సంక్రాంతి పుంజుకి కత్తి మనుషులు కడతారు. ఈ పుంజుకి పుట్టుకతోనే పద్దెనిమిది కత్తులు. వీపు మీద 13 ముళ్లు, పొట్ట కింద 2, తోక దగ్గర అడుగున 3. అందంగా విచ్చుకునే పక్క రెక్కల్లో విషం లేదు. వాటి గురించి భయపడి, వీపు ముళ్లను మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

ముందు నీళ్లు, తర్వాతే చేప

ఈ భాగం త్వరగా చెప్పేస్తాను. ఎందుకంటే మన వైపు వాళ్లకి ఇది సగం తెలిసిన విద్య. రొయ్యల చెరువు ఉన్న ఇంట్లో పుట్టినవాడికి సెలినిటీ, అమ్మోనియా, ఏరేటర్ అంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు.

మీకు కావాల్సింది సముద్రమంత ఉప్పు. లీటరుకి 33 నుంచి 35 గ్రాములు. చెరువుల దగ్గర వాడే రిఫ్రాక్టోమీటరే ఇక్కడా పనికొస్తుంది. ఉప్పు మాత్రం కిరాణా ఉప్పు కాదు, రాళ్లుప్పు కాదు. కాల్షియం, మెగ్నీషియం అన్నీ కలిపి అమ్మే మెరైన్ సాల్ట్ కొనాలి. 300 లీటర్ల ట్యాంకుకి పది, పదకొండు కిలోలు పడుతుంది.

"హంసలదీవి వెళ్లి డబ్బాల్లో సముద్రం నీళ్లు తెచ్చేస్తే ఫ్రీ కదా?" అని అడగబోతున్నారు. వద్దు. అక్కడ కృష్ణమ్మ సముద్రంలో కలుస్తుంది. ఉప్పు శాతం కాలాన్ని బట్టి మారిపోతుంది. బురద, పొలాల నుంచి కొట్టుకొచ్చిన మందులు అదనం. బోరు నీళ్లూ వద్దు. ఆర్వో నీళ్లలో మెరైన్ సాల్ట్ కలుపుకోవడమే సేఫ్.

ట్యాంకు నింపిన రోజే చేపను వేయకూడదు. అమ్మోనియాని తినే బ్యాక్టీరియా తయారవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాకే చేప. కిట్ కొనలేకపోతే ఊళ్లో ఆక్వా ల్యాబ్ ఉండనే ఉంది. చెరువు నీళ్లు పరీక్ష చేసినట్టే మీ ట్యాంకు నీళ్లూ చేస్తారు. "ఏ చెరువు బాబూ?" అని అడిగితే నవ్వకుండా చెప్పండి.

మన దగ్గర అసలు విలన్ ఎండాకాలం. ఈ చేపకి 24 నుంచి 27 డిగ్రీలు కావాలి. మే నెలలో మన గదుల్లో అంత చల్లదనం ఏసీ వేస్తేనే ఉంటుంది. ట్యాంకు పైన ఫ్యాన్ పెడితే నీళ్లు ఆవిరై కొన్ని డిగ్రీలు తగ్గుతుంది కానీ నీటి మట్టం కూడా తగ్గుతుంది. అప్పుడు పోయాల్సింది మంచి ఆర్వో నీళ్లే, ఉప్పునీళ్లు కాదు. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. ఉప్పు మడుల్లో జరిగేది అదేగా. ఏసీ, చిల్లర్ రెండూ కుదరకపోతే లయన్ ఫిష్ ఆలోచన ఇక్కడితో ఆపేయడం మంచిది.

ఇంకోటి. ట్యాంకులో అలంకరణకి పగడపు రాళ్లు ఎవరైనా అమ్ముతానంటే కొనకండి. దిబ్బలు కట్టే పగడాలకి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1 కింద రక్షణ ఉంది. సిరామిక్ రాళ్లు చాలు. చేప దాక్కోవడానికి ఒక గుహ, నిలబడటానికి ఒక గట్టు ఉంటే దానికి అదే ప్యాలెస్.

ఏ పుంజుని ఎంచుకోవాలి?

పుంజుని చూడగానే ఇది డేగా, ఇది కాకి, ఇది నెమలి అని చెప్పే పెద్దాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. లయన్ ఫిష్‌లోనూ అలా రకాలున్నాయి. రంగు చూసి కాదు, పెరిగే సైజు చూసి ఎంచుకోవాలి.

షాపుల్లో ఎక్కువగా కనిపించేది రెడ్ లయన్ ఫిష్. వాలిటాన్స్ అంటారు. దానికి అచ్చు తమ్ముడిలా ఉండే మైల్స్ అనే రకాన్నీ అదే పేరుతో అమ్మేస్తారు. అరచేతిలో పట్టే పిల్లగా వస్తుంది. కానీ 35 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, అంటే అడుగు స్కేలు కంటే పొడవు. రెక్కలు విప్పితే వెడల్పు కూడా బాగానే ఉంటుంది. కనీసం 450 లీటర్ల ట్యాంకు కావాలి. "ఇప్పుడు చిన్నదేగా, తర్వాత చూద్దాం" అంటే ఆ తర్వాత ఏడాదిలోపే వచ్చేస్తుంది.

రస్సెల్ పేరున్న ప్లెయిన్ టెయిల్ రకం దీనికంటే కొంచెం చిన్నది. తోక మీద చుక్కలుండవు. యాంటెనేటా రకం 20 సెంటీమీటర్ల వరకే. కళ్ల మీద రెండు పొడుగాటి మీసాలు, చాలా అందం. 280 లీటర్లు ఉంటే సరిపోతుంది.

మొదటిసారి పెంచేవాళ్లకి నా సలహా మాత్రం మరుగుజ్జు రకాలు. జీబ్రా డ్వార్ఫ్, ఫజీ డ్వార్ఫ్. ఫజీ దాదాపు 17 సెంటీమీటర్లకి ఆగిపోతుంది. 120 లీటర్లలో ఉండగలదు. రేడియాటా, ఫుమాంచు అనే రెండు రకాలు చూడటానికి అదిరిపోతాయి కానీ తిండి దగ్గర మహా పేచీకోర్లు. అనుభవం వచ్చాక చూడొచ్చు.

రకం తేలిపోయింది. ఇప్పుడు షాపు. మన దగ్గర నుంచి వెళ్తే విజయవాడ, హైదరాబాద్, లేదంటే చెన్నైలో కొళత్తూరు. అక్కడ గ్లాసు ముందు నిలబడి చూడాల్సినవి ఇవి.

కళ్లు రెండూ అద్దంలా ఉండాలి. పాలపొర పట్టినట్టుంటే వద్దు. పొట్ట లోపలికి పీక్కుపోయి, తల పెద్దగా, ఒళ్లు సన్నగా కనిపిస్తే అది చాలాకాలంగా తినలేదు. రెక్కల చివర్లు చిరిగినా ఫర్వాలేదు, పెరుగుతాయి. కానీ రెక్క మొదట్లో తెల్లగా కుళ్లినట్టుంటే వద్దు. పైకొచ్చి నోరు తెరిచి గాలి కోసం ఆయాసపడుతుంటే వద్దు. రాయికి ఆనుకుని కదలకుండా కూర్చుంటే మాత్రం కంగారు పడకండి, పగలు దాని పద్ధతే అది. ఒంటి మీద నుంచి పల్చటి పొర ఊడుతున్నా భయం లేదు. పాము కుబుసం విడిచినట్టు ఇది కూడా అప్పుడప్పుడు పైపొర వదిలేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఒకటే. "అన్నా, ఒకసారి మేత పెట్టి చూపించు." ఈ ఒక్క మాట అడగండి. చచ్చిన రొయ్య ముక్కని తిందా, సగం యుద్ధం మీరు గెలిచినట్టే. బతికిన చిన్న చేపల్ని మాత్రమే తింటోందా, కొనొచ్చు కానీ ఓపిక కావాలి. అసలేమీ తినలేదా, ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోకండి. "ఇంటికెళ్తే తింటుంది" అనేది కారు కొనేటప్పుడు "సర్వీసింగ్ చేయిస్తే మైలేజ్ వస్తుంది" అన్నట్టే.

సైజు ఏడు నుంచి పది సెంటీమీటర్ల మధ్య ఉంటే మేలు. మరీ చిన్నవి ఆకలికి తట్టుకోలేవు. బాగా పెద్దవి పాత అలవాట్లు ఒక పట్టాన మార్చుకోవు.

తీసుకొచ్చేటప్పుడు ఒంటి పొర ప్లాస్టిక్ కవరు చాలదు. ముల్లు కవర్ని చీల్చుకుని బయటికొస్తుంది, మీ తొడ మీద కవరు ఉంటే సంగతి ఆలోచించండి. మూతున్న గట్టి డబ్బా, దాన్ని థర్మకోల్ పెట్టెలో. చేపలు, రొయ్యలు ప్యాక్ చేసే పెట్టెలు మన దగ్గర వీధికొకటి దొరుకుతాయి.

మేత: అసలు పరీక్ష ఇక్కడే

రొయ్యల చెరువులో మేత చల్లాక రైతు ఊరికే ఇంటికెళ్లిపోడు. చెక్ ట్రే ఎత్తి చూస్తాడు. మేత మిగిలితే తర్వాత పూటకి తగ్గిస్తాడు. మేత ఎక్కువైతే ముందు డబ్బు పోతుంది, తర్వాత చెరువు అడుగు పాడవుతుంది, ఆ తర్వాత పంట పోతుంది. మన డెల్టాలో చిన్నపిల్లాడికి కూడా తెలిసిన లెక్క ఇది. లయన్ ఫిష్‌కి కూడా సరిగ్గా ఇదే లెక్క. కాకపోతే ఒక తేడా. ఈ చేప మేత మిగల్చదు. పెట్టినంతా తినేస్తుంది. అందుకే చెక్ ట్రే పని మీరే చేయాలి.

ఇది ఎందుకలా తింటుందో తెలిస్తే మీరు జాలిపడటం ఆపేస్తారు. సముద్రంలో దీనికి రోజూ టైముకి భోజనం దొరకదు. సాయంత్రం చీకటి పడేవేళ బయల్దేరుతుంది. పక్క రెక్కల్ని వలలా చాపి, చిన్న చేపని మూలకి తోసి, ఒక్క గుటకలో మింగేస్తుంది. దొరికినప్పుడు దొరికినంత తినాలి, దొరకనప్పుడు ఆగాలి. దాని ఒళ్లు అలా తయారైంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త లెవ్ ఫిషెల్సన్ 1997లో ప్రచురించిన పరిశోధనలో రెండు విషయాలు చెప్పాడు. లయన్ ఫిష్ పొట్ట తిన్నప్పుడు మామూలు కంటే 30 రెట్ల దాకా సాగుతుంది. అదే చేప ఏమీ తినకుండా 12 వారాలకి పైగా ఉండగలదు.

మూడు నెలలు ఉపవాసం ఉండగల జీవి అది. మీరు గ్లాసు దగ్గరికి రాగానే పైకొచ్చి, తోక ఊపి, మీ మొహం కేసి చూస్తుంటే "పాపం ఆకలేస్తోంది" అనుకుంటారు. ఆకలి కాదు. మీరు మేత పెట్టే మనిషని గుర్తుపట్టింది, అంతే. ఆ చూపుకి లొంగిపోయి రోజూ పెడితే కాలేయానికి కొవ్వు పడుతుంది. బయటికి బొద్దుగా, ముద్దుగా కనిపిస్తుంది. తర్వాత ఉన్నట్టుండి తినడం మానేస్తుంది. చాలామందికి అప్పటిదాకా ఏం జరుగుతోందో తెలియదు.

*ఎప్పుడు పెట్టాలి?* పది సెంటీమీటర్ల లోపు పిల్లకి రోజూ లేదా రోజు విడిచి రోజు, కొంచెం కొంచెం. పెద్దదయ్యాక వారానికి రెండు, మూడుసార్లు చాలు. సాయంత్రం లైటు తగ్గించాక పెడితే దానికి అలవాటైన వేళ.

*ఎంత?* ఇది నములుతూ తినదు. మింగుతుంది. కాబట్టి ముక్క సైజు దాని రెండు కళ్ల మధ్య ఉన్న దూరం కంటే పెద్దగా ఉండకూడదు. పెద్ద ముక్క పొట్టలో అరిగేలోపే కుళ్లడం మొదలైతే గ్యాస్ పట్టి చేప పైకి తేలుతుంది. అలాంటి ముక్కలు రెండు, మూడు. పొట్ట కొద్దిగా గుండ్రంగా కనిపించగానే ఆపేయండి. గోలీకాయ మింగినట్టు కనిపిస్తే అప్పటికే ఎక్కువైంది.

*ఏం పెట్టాలి?* ఇక్కడ మన ఊళ్లకున్న అదృష్టం హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ వాళ్లకి లేదు. మచిలీపట్నం గిలకలదిండి హార్బరు నుంచో, నాగాయలంక వైపు నుంచో వచ్చే తాజా సరుకు మన వీధిలోకే వస్తుంది. రొయ్య, పీత మాంసం, స్క్విడ్, చందువా లాంటి సముద్రపు చేప ముక్క. కూరకి తెచ్చిన రొయ్యల్లోంచి రెండు తీసి పక్కన పెట్టొచ్చు. అమ్మ ఉప్పు, పసుపు వేసి కడగకముందే తీయాలి, అంతే. చిన్న ముక్కలుగా కోసి, పూటకి సరిపడా పొట్లాలు కట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. ఆ డబ్బా మీద పేరు రాయండి, లేకపోతే ఆదివారం వేపుడులో కలిసిపోతుంది.

ఒక్కటే రకం రోజూ వద్దు. రొయ్య ఒక్కటే పెడితే అన్నంలో పచ్చడి ఒక్కటే తిన్నట్టు. ఈ వారం రొయ్య, పీత. వచ్చే వారం స్క్విడ్, చేప ముక్క. వారానికొకసారి మేతని అక్వేరియం విటమిన్ చుక్కల్లో నానబెట్టి ఇస్తే ఇంకా మంచిది. ఎండు రొయ్యపొట్టు వద్దు, ఉప్పు చేప అసలే వద్దు.

*ఏం పెట్టకూడదు?* వీడియోల్లో లైకులు తెచ్చేది ఇదే, చేపని చంపేదీ ఇదే. గోల్డ్ ఫిష్‌ల్ని కవరులో తెచ్చి ట్యాంకులో వదలడం. లయన్ ఫిష్ టక్కున మింగుతుంది, చూసేవాళ్లు అరుస్తారు. గోల్డ్ ఫిష్‌లో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది విటమిన్ బి1ని ధ్వంసం చేస్తుంది. నెలల తరబడి అదే తిండైతే చేప తూలడం, ముక్కని గురిచూసి పట్టలేకపోవడం మొదలవుతుంది. పైగా మంచినీటి చేపల్లో ఉండే కొవ్వు వేరు, సముద్రపు చేపకి కావాల్సిన కొవ్వు వేరు. కొల్లేరు వైపు చెరువుల నుంచి వచ్చే బొచ్చె, శీలావతి మనకి బ్రహ్మాండం. దీనికి మాత్రం రోజువారీ తిండి కాదు. షాపులో కవర్లలో అమ్మే బతికున్న చేపలతో జబ్బులు కూడా ఉచితంగా వస్తాయి.

బతికిన మేత నుంచి ముక్కల దాకా

కొన్ని చేపలు కదలని మేతని తిండిగా గుర్తించవు. వాటికి చచ్చిన రొయ్య ఒక రాయి లాంటిది. వాటిని మార్చడం ఎలా?

మొదటి వారం చిన్న బతికిన రొయ్యలు ఇవ్వండి. తిని, కొత్త ఇంటికి అలవాటు పడనివ్వండి. రెండో వారం మూడు, నాలుగు రోజులు ఏమీ పెట్టకండి. పన్నెండు వారాలు ఆగగల జీవికి నాలుగు రోజులు లెక్క కాదు, మీకే కష్టం. ఆ తర్వాత అప్పుడే చచ్చిన రొయ్యని పొడవాటి, మొన లేని యాక్రిలిక్ పుల్లకి వదులుగా గుచ్చి, నీటి వాలులో నెమ్మదిగా ఆడించండి. బతికినదాని కదలికలా అనిపించాలి. మొహం మీదికి తీసుకెళ్లకండి. ఒక జానెడు దూరంలో ఆగి, పారిపోతున్నట్టు వెనక్కి లాగండి. పారిపోయేదాని వెంటపడటం దాని స్వభావం. తినకపోతే పది నిమిషాల్లో ముక్క తీసేసి, రెండు రోజుల తర్వాత మళ్లీ. కొన్ని వారంలో దారికొస్తాయి, కొన్నిటికి నెల పడుతుంది.

మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఒక మాట. ఆటోమేటిక్ ఫీడర్ కోసం కోడ్ రాయాలని చేతులు దురదపెడతాయి, నాకు తెలుసు. ఈ చేపకి అది కుదరదు. పుల్ల పట్టుకుని మనిషే ఆడించాలి. మీ తెలివి టెంపరేచర్ సెన్సర్ మీద చూపించండి. ఒక ఈఎస్‌పీ32 బోర్డు, ఒక వాటర్‌ప్రూఫ్ ప్రోబ్, 28 దాటితే ఫోన్‌కి అలర్ట్. దాంతోపాటు ఒక షీట్‌లో తేదీ, ఏం పెట్టాం, తిందా లేదా అని మూడు కాలమ్స్. ఇంట్లో నలుగురు ఉంటే ఆ షీట్ ఇంకా అవసరం. లేకపోతే పొద్దున తాతయ్య ఒకటి, సాయంత్రం చెల్లి ఒకటి, రాత్రి మీరొకటి. ఎవరికి వాళ్లు "నేను ఒక్కటే పెట్టాను" అంటారు.

తుపాను రోజులకి కూడా ఇదే సూత్రం. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టా ఎలా తడిసిందో గుర్తుందిగా. కరెంటు పోతే ముందు మేత ఆపేయండి. తిన్న చేపకి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, తిండి అరిగాక వచ్చే అమ్మోనియా నీళ్లలోనే ఉంటుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ముందే కొని పెట్టుకోండి. నాలుగు రోజులు తిండి లేకపోయినా చేపకి ఏమీ కాదు. నాలుగు గంటలు గాలి లేకపోతే మాత్రం కష్టం.

పక్కన ఎవరుండొచ్చు?

దీని నోట్లో పట్టేది ఏదైనా దాని దృష్టిలో స్నేహితుడు కాదు, భోజనం. తన పొడవులో సగం ఉన్న చేపని కూడా మింగగలదు. నీమోలు, చిన్న రొయ్యలు, గోబీలు దీంతో పెట్టకండి. ట్రిగ్గర్ ఫిష్, పఫర్ లాంటివి తిరగబడి దీని రెక్కలే కొరుకుతాయి. సాటి సైజున్న సర్జన్ ఫిష్, పెద్ద ఏంజెల్ లాంటివి నడుస్తాయి. ఒక్కటే ఉంచినా దిగులుపడదు.

ముల్లు గుచ్చుకుంటే

చాలాసార్లు గుచ్చుకునేది చేప మీద పడినందుకు కాదు. ట్యాంకు తుడిచేటప్పుడు చేప ఎక్కడుందో చూడకుండా చెయ్యి పెట్టినందుకు. ట్యాంకులో చెయ్యి పెట్టే ముందు చేప ఎక్కడుందో వెతకండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మూతకి తాళం తప్పనిసరి.

గుచ్చుకుంటే నొప్పి మామూలుగా ఉండదు. ఆ విషం ప్రోటీన్, వేడికి పాడవుతుంది. కాబట్టి చేతిని చర్మం కాలకుండా తట్టుకోగలిగినంత వేడి నీళ్లలో, దాదాపు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర ఉంచాలి. వేడి ఎంతుందో గుచ్చుకోని చేత్తో చూడాలి, నొప్పిలో ఉన్న చేతికి వేడి తెలియదు. ఉంగరాలు తీసేయండి. తాడు కట్టడం, కోయడం, ఐసు పెట్టడం వద్దు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ముల్లు ముక్క లోపల ఉండిపోయిందేమో చూడాలి, టీటీ సంగతి చూడాలి. ఊపిరాడకపోయినా, మొహం వాచినా, కళ్లు తిరిగినా ఆగకుండా 108. పాముకాటుకి ఇచ్చే మందు దీనికి పనిచేయదు. లయన్ ఫిష్ విషానికంటూ విడిగా విరుగుడు మందు లేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ప్రాణం మీదికి రావడం అరుదే. అలర్జీ ఉన్నవాళ్లు మాత్రం ఈ చేప జోలికి పోకపోవడం మంచిది.

పెంచలేకపోతే?

బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, పెళ్లి కుదిరింది, చేప అడుగు పొడవైంది. అప్పుడేం చేస్తారు? షాపుకి తిరిగి ఇవ్వండి, పెంచగలిగేవాళ్లకి ఇవ్వండి. నీళ్లలో మాత్రం వదలకండి.

వదిలితే ఏమవుతుందో అమెరికాని అడగండి. అట్లాంటిక్‌లో ఈ చేప ఉండేదే కాదు. 1985లో ఫ్లోరిడా తీరంలో మొదటిసారి కనిపించింది. ఇళ్లలోని అక్వేరియంల నుంచి వదిలినవే కారణమని శాస్త్రవేత్తల అభిప్రాయం. ఇప్పుడు కరీబియన్ అంతా ఇదే. ఒక్కో ఆడచేప ఏడాదికి ఇరవై లక్షలకి పైగా గుడ్లు పెడుతుంది. బహమాస్‌లో ఆల్బిన్స్, హిక్సన్ అనే ఇద్దరు పరిశోధకులు చిన్న చిన్న పగడపు దిబ్బల మీద లయన్ ఫిష్‌ని ఉంచి చూస్తే, ఐదు వారాల్లో అక్కడికి కొత్తగా చేరే చేపపిల్లలు సగటున 79 శాతం తగ్గాయి. 2008లో ఆ ఫలితాలు ప్రచురించారు. అక్కడిప్పుడు "పట్టుకోండి, తినండి" అని ప్రచారం చేస్తున్నారు. విషం ముళ్లలోనే, మాంసంలో లేదు. పులుసు ఎలా పెట్టాలో మనల్ని అడిగితే చెప్పేవాళ్లం.

"మన సముద్రంలో ఉన్న చేపేగా, ఇక్కడ వదిలితే నష్టమేంటి?" అని అడగొచ్చు. మీ ట్యాంకులోది ఏ దేశపు నీళ్ల నుంచి, ఏ రకంగా, ఏ జబ్బులతో వచ్చిందో మీకు తెలియదు. పుల్ల చివర రొయ్యకి అలవాటుపడ్డ చేప వేట మర్చిపోయి ఉంటుంది కూడా.

ఇంకో నిజం. నీమోల్ని మన సీఎంఎఫ్ఆర్ఐ శాస్త్రవేత్తలు ట్యాంకుల్లోనే గుడ్లు పెట్టించి పెంచుతున్నారు. లయన్ ఫిష్‌లు దాదాపు అన్నీ సముద్రంలో పట్టినవే. అంటే మీరు కొనే ప్రతి చేపా ఒకప్పుడు స్వేచ్ఛగా వేటాడినదే. దాన్ని తెచ్చి, తప్పు తిండితో ఏడాదిలో చంపి, మళ్లీ ఇంకోటి తేవడం సరదా అనిపించుకోదు.

కాబట్టి కొనే ముందు నాలుగు ప్రశ్నలు. మే నెలలో 27 డిగ్రీలు ఉంచగలరా? కరెంటు పోతే ఏర్పాటుందా? పదేళ్లు చూసుకునే మనిషి ఇంట్లో ఉన్నాడా? అది గ్లాసు దగ్గరికొచ్చి మీ కళ్లలోకి చూస్తుంటే "ఈరోజు లేదు" అని అనగలరా? నాలుగింటికీ అవునంటేనే థర్మకోల్ పెట్టె పట్టుకుని విజయవాడ బస్సెక్కండి. ఒక్కదానికి కాదన్నా ఈసారికి నీమో చాలు, అది కూడా బాగుంటుంది.

ఇప్పటికే ఇంట్లో ఈ పుంజు ఉన్నవాళ్లు దాని ఫొటో పంపండి. ఫొటోతో పాటు పోయిన వారం ఏ రోజు ఏం పెట్టారో కూడా రాయండి. నాకు రెండోదే ముఖ్యం.